సిగ్నల్ తగ్గినా పాఠం ఆగకూడదు: అడాప్టివ్ స్ట్రీమింగ్‌కి వీడియోలు సిద్ధం చేయడం

ఈ ఎపిసోడ్‌లో ఒక పని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. మా రాజోలు వైపు ఒక మాస్టారు ఉన్నారు, డిప్లొమా పిల్లలకి ఎలక్ట్రికల్ చెబుతారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. ఆయన దగ్గర నలభై పాఠాలు ఉన్నాయి. ఒక్కో పాఠం గంట. బోర్డు ముందు స్టాండు పెట్టి, ఫోన్‌తో తీసినవి. క్లాసుకి రాలేని పిల్లలు ఇళ్ల దగ్గరే చూసుకోవాలని ఆయన ఆశ. రాలేని పిల్లలంటే బద్ధకస్తులని అనుకోకండి. ఒకబ్బాయి రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లు చూసుకుంటాడు. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ షెడ్డులో కూర్చుని పాఠం చూస్తాడు. అక్కడ సిగ్నల్ ఒక గీత, అదృష్టం బాగుంటే రెండు.

మాస్టారు ముందు చేసిందేంటంటే, ఫైళ్లు యథాతథంగా ఒక సర్వర్‌లో పెట్టి లింకులు పంపారు. పిల్లలందరిదీ ఒకటే మాట. పది నిమిషాలు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది, ఈలోగా డేటా అయిపోతుంది.

"యూట్యూబ్‌లో పెట్టేస్తే పోయేది కదా అన్నా" అంటారు. నిజమే, నేను ఇప్పుడు చెప్పబోయే పనంతా యూట్యూబ్ లోపల తనంతట తనే చేసుకుంటుంది. చాలామందికి అదే సరిపోతుంది, నేనూ అదే చెబుతాను. కానీ మాస్టారికి ఈ పాఠాలు తన సొంత పేజీలో, తన పిల్లలకే కావాలి. పక్కన సినిమా క్లిప్పులు కనిపిస్తే పాఠం సంగతి దేవుడెరుగు అని ఆయన భయం. ఆ మాట నేను కాదనలేకపోయాను.

ముందు ఒక లెక్క చెబుతాను, ఇది గుర్తుపెట్టుకుంటే వీడియో పనిలో సగం అర్థమైపోతుంది. 1 ఎంబీపీఎస్ బిట్‌రేట్ ఉన్న వీడియో గంట ఆడితే 450 ఎంబీ ఖర్చవుతుంది. సెకనుకి పది లక్షల బిట్లు, గంటకి 3600 సెకన్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు. అంతే. ఇప్పుడు మాస్టారి ఫోన్ 1080పీలో దాదాపు 17 ఎంబీపీఎస్‌తో రికార్డు చేస్తోంది. 17ని 450తో హెచ్చవేయండి. గంట పాఠం 7.65 జీబీ! మన పిల్లల ప్యాక్ ఎంత? రోజుకి ఒకటిన్నర జీబీ. దాన్ని ఓ మోస్తరుగా కుదించి 5 ఎంబీపీఎస్ చేసినా 2.25 జీబీ. ఒక్క పాఠానికి ఒకటిన్నర రోజుల ప్యాక్. అంటే ఇక్కడ సమస్య బఫరింగ్ ఒక్కటే కాదండి, జేబు కూడా.

సరే, అడాప్టివ్ స్ట్రీమింగ్ అంటే ఏంటి? ఒకే వీడియోని నాలుగైదు సైజుల్లో తయారు చేస్తాం. పెద్దది, మధ్యరకం, చిన్నది, మరీ చిన్నది. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని ల్యాడర్ అంటారు, నేను నిచ్చెన అంటాను, ఒక్కో కాపీ ఒక్కో మెట్టు. ప్రతి మెట్టునీ ఆరేసి సెకన్ల ముక్కలుగా కోస్తాం. ఏ ముక్క ఎక్కడుందో రాసిన చిన్న జాబితా ఫైలు ఒకటి పెడతాం. ఫోన్‌లోని ప్లేయర్ ముందు ఆ జాబితా చదువుకుని, ఒక ముక్క తెచ్చుకుంటుంది. తేవడానికి ఎంతసేపు పట్టిందో చూసుకుంటుంది. త్వరగా వస్తే తర్వాతి ముక్క పైమెట్టు నుంచి, ఆలస్యమైతే కిందిమెట్టు నుంచి. సర్వర్‌కి ఇందులో తెలివితేటలేం అక్కర్లేదు, అడిగిన ఫైలు ఇవ్వడమే. నిర్ణయమంతా ఫోన్‌ది.

ఆపిల్ వాళ్లు 2009లో హెచ్ఎల్ఎస్ అని ఈ పద్ధతి తెచ్చారు. 2012లో డాష్ అని అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. చాలా ఏళ్లు ఈ రెండిటికీ వేర్వేరు ముక్కలు తయారు చెయ్యాల్సి వచ్చేది. సీమాఫ్ అనే ప్రమాణం 2018లో వచ్చాక ఒకే ముక్కలు, రెండు జాబితాలు. చరిత్ర ఇంతవరకు చాలు.

ఇదంతా చేత్తో చెయ్యాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండ్లు మూరెడు మూరెడు రాయాలి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రాసేవాణ్ని. ఒక్క కామా తేడా వస్తే నాలుగు మెట్ల కీఫ్రేములు కలవవు. కీఫ్రేమ్ అంటే ముందు ఫ్రేముతో పని లేకుండా తనంతట తాను నిలబడే పూర్తి బొమ్మ. మెట్టు మారేది ఆ బొమ్మ దగ్గరే. అన్ని మెట్లలోనూ కీఫ్రేములు ఒకే సెకనులో పడకపోతే మెట్టు మారినప్పుడల్లా బొమ్మ ఎగురుతుంది, లేదా ప్లేయర్ మొండికేస్తుంది. అందుకే ఇప్పుడు షాకా స్ట్రీమర్ వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, పైథాన్‌లో రాసింది. లోపల ఎన్‌కోడింగ్ పని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోను, ముక్కలు కోసే పని గూగుల్ వాళ్ల షాకా ప్యాకేజర్‌తోను చేయిస్తుంది. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బైనరీస్ ప్యాకేజీ కూడా కలిపి ఇన్‌స్టాల్ చేస్తే ఆ రెండూ దాంతోపాటే వచ్చేస్తాయి, విడిగా వెతుక్కోనక్కర్లేదు.

దీనికి మనం ఇచ్చేది రెండు చిన్న టెక్స్ట్ ఫైళ్లు, యామల్ పద్ధతిలో. మొదటిది ఇన్‌పుట్ ఫైలు: వీడియో ఎక్కడుంది, ఆడియో ఎక్కడుంది, ఆడియో ఏ భాష. రెండోది పైప్‌లైన్ ఫైలు: ఏయే రిజల్యూషన్లు కావాలి, ఏ కోడెక్, ముక్క ఎన్ని సెకన్లు, జాబితా హెచ్ఎల్ఎస్ కావాలా, డాష్ కావాలా, రెండూనా. అసలు వీడియో కంటే పెద్ద రిజల్యూషన్ అడిగితే అది పట్టించుకోదు. అది మంచి గుణం, చిన్న బొమ్మని సాగదీసి పెద్దదని అమ్మే వెబ్‌సైట్లు మనం చాలా చూశాం కదా. కీఫ్రేముల సంగతి ముక్క పొడవుని బట్టి తనే చూసుకుంటుంది.

ఇంకో ఫైలు కూడా ఇవ్వచ్చు, అది తప్పనిసరి కాదు. బిట్‌రేట్ ఫైలు. ఇవ్వకపోతే టూల్ తన సొంత అంకెలు వాడుకుంటుంది. ట్యుటోరియల్స్‌లో దీన్ని దాటేస్తారు. నా దృష్టిలో అసలు పనంతా ఈ మూడో ఫైల్లోనే ఉంది. మిగతాదంతా టూల్ చేస్తుంది. మన పిల్లల ఫోన్లో ఎన్ని గీతలున్నాయో టూల్‌కి ఎలా తెలుస్తుంది?

ఆ అంకెల దగ్గరికి వెళ్లేముందు వీడియోని కొంచెం శుభ్రం చెయ్యాలి. మూడు పనులు.

ఒకటి, ఫోన్లు ఫ్రేములు సమానంగా తియ్యవు. వెలుతురు తగ్గితే సెకనుకి 24, పెరిగితే 30, ఇష్టమొచ్చినట్టు. దీన్ని ఒక స్థిరమైన లెక్కకి తెచ్చుకోవాలి. నేను 25కి తెచ్చాను. లేకపోతే గంట గడిచేసరికి మాస్టారి పెదాలు ఒకటంటే గొంతు ఇంకోటంటుంది.

రెండోది నాకు బాగా నచ్చిన విషయం. క్లాసురూములో ట్యూబ్‌లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. కంటికి తెలీదు. కానీ సెకనుకి 30 ఫ్రేములు తీసే ఫోన్‌కి తెలుస్తుంది, వందకీ ముప్పైకీ పొత్తు కుదరదు కదా. దాంతో గోడ మీద సన్నటి చారలు పాకుతుంటాయి. "పాకితే పాకనీ, పాఠం వినపడుతోందిగా" అనుకోవచ్చు. కానీ ఎన్‌కోడర్ సంగతి చూడండి. అది బిట్లు ఆదా చేసేదే కదలని చోట. గోడ కదలదు, బోర్డు కదలదు, మాస్టారి చెయ్యి ఒక్కటే కదులుతుంది అనుకుంటే చాలా తక్కువలో పని అయిపోతుంది. ఈ మినుకు వల్ల ప్రతి ఫ్రేములోనూ గోడంతా మారినట్టు లెక్క. బిట్లన్నీ సున్నం గోడకి పోస్తుంది, బోర్డు మీద అక్షరాలకి మిగలవు. అందుకే మాస్టారికి చెప్పాను, ఇకమీదట తీసేవి 25 ఫ్రేముల్లో తియ్యండి, షట్టర్ యాభైలో ఒకవంతు పెట్టండి, లేదా కిటికీ తలుపులు తీసి పగటి వెలుతుర్లో తియ్యండి అని. ఇప్పటికే తీసినవాటికి గోడ కనపడకుండా బోర్డు మేరకే ఫ్రేము కత్తిరించాను. దీనివల్ల అక్షరాలు కూడా పెద్దవయ్యాయి. ఒక దెబ్బకి రెండు పిట్టలండి.

మూడోది ఫ్యాను. నెత్తిమీద తిరిగే ఫ్యాను హోరు కూడా ఆడియోలో బిట్లు తినేస్తుంది. కింది ఫ్రీక్వెన్సీలు తీసేసే హైపాస్ ఫిల్టర్ ఒకటి వేస్తే గొంతు తేటగా వస్తుంది.

ఇప్పుడు నిచ్చెన. పైమెట్టు 1080పీ పెట్టలేదు. ఎందుకంటే చూసేది ఆరంగుళాల ఫోన్లో, చూడాల్సింది బోర్డు. 720పీకి 900 కేబీపీఎస్, 480పీకి 450, 360పీకి 250, 240పీకి 140. ఆడియో 64. పక్కపక్క మెట్ల మధ్య ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం ఉండాలని ఆపిల్ సలహా, దాన్నే పాటించాను. మరీ దగ్గరైతే మెట్టు మారినా ఒరిగేదేం ఉండదు, మరీ దూరమైతే ఒక్కసారిగా దబ్బున పడ్డట్టు ఉంటుంది.

ఎప్పుడూ స్ట్రీమింగ్ పని చేసినవాళ్లు ఈ 900 చూసి నవ్వుతారు, 720పీకి మరీ అంత తక్కువా అని. నేను ఊరికే పెట్టలేదు. ముందు ఐదు నిమిషాల క్లిప్ తీసుకుని, బిట్‌రేట్ చెప్పకుండా నాణ్యత అంకె మాత్రం చెప్పి ఎన్‌కోడ్ చేశాను. ఎక్స్264లో దాన్ని సీఆర్ఎఫ్ అంటారు, దాని మామూలు విలువ 23. ఈ నాణ్యతకి నీకెన్ని బిట్లు కావాలో నువ్వే చెప్పు అని వీడియోని అడగడం అన్నమాట. బోర్డు పాఠం 700 లోపే సరిపెట్టుకుంది. అదే పద్ధతిలో, నా దగ్గరున్న ఇంకో వీడియో వేసి చూశాను. జగ్గన్నతోట ప్రభల తీర్థం, కనుమనాడు తీసింది.

తీర్థం చూడనివాళ్లకి ఒక్క ముక్క చెబుతాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురు కట్టి రంగుల బట్టలు, కాగితం పూలు చుట్టిన ఎత్తయిన ప్రభలు, జనం భుజాల మీద జగ్గన్నతోటకి వస్తాయి. పచ్చటి వరిచేల మధ్య నుంచి, కొన్నయితే కౌశిక నీళ్లలోంచి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇదే. ఇప్పుడు దీన్ని ఎన్‌కోడర్ కళ్లతో చూడండి. వేలమంది తలలు, ఒక్కటీ కుదురుగా ఉండదు. ఊగే కాగితం పూలు, చిమ్మే నీళ్లు, బాణసంచా పొగ, గాలికి అలలు పోయే వరిచేను. కదలని చోటంటూ లేదు. అదే 23 అంకెకి 720పీలో 5 ఎంబీపీఎస్ దాటింది! ఏడు రెట్లకు పైన. రెండూ అదే 720పీ, అదే ల్యాప్‌టాప్, అదే టూల్.

అన్ని వీడియోలకీ ఒకే నిచ్చెన వెయ్యడం తప్పని నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు 2015 డిసెంబర్‌లో వివరంగా రాశారు. కార్టూన్‌కి అక్కర్లేనన్ని బిట్లు పోస్తున్నాం, యాక్షన్ సినిమాకి చాలనివి ఇస్తున్నాం అని. వాళ్లు ప్రతి సినిమాకీ విడిగా కొలిచి నిచ్చెన వేసే పద్ధతికి మారారు. మనకి అంత యంత్రాంగం అక్కర్లేదు, ఐదు నిమిషాల క్లిప్ చాలు.

మరి తీర్థం వీడియో ఎవరు చూస్తారు? ఇక్కడున్నవాళ్లు నేరుగా వెళ్లే చూస్తారు. వీడియో కోసం కాచుకుని ఉండేది కువైట్‌లో, ఖతార్‌లో, దుబాయ్‌లో ఉన్న మనవాళ్లు. డ్యూటీ దిగి రూముకొచ్చాక, పదిమంది వాడే వైఫైలో. వాళ్ల కోసం నిచ్చెన తలకిందులు చేశాను. బోర్డు పాఠంలో రిజల్యూషన్ కాపాడాలి, అక్షరం చదవడానికి రావాలి. తీర్థంలో రిజల్యూషన్ వదిలెయ్యచ్చు, 480పీకే 1.5 ఎంబీపీఎస్ ఇచ్చి బొమ్మ ముద్దముద్దగా కాకుండా చూడాలి. 720పీ ఉంది కానీ 3 ఎంబీపీఎస్ మీద, నెట్ ఉన్నవాళ్లకే. ఆడియో మాత్రం ఏ మెట్టులోనూ తగ్గించలేదు. స్టీరియో, 96. శరభా శరభా అని కేక వినపడితే చాలండి, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా మిగతాది వాళ్లే ఊహించుకుంటారు.

మళ్లీ మాస్టారి దగ్గరికి వద్దాం, అసలు కిటుకు ఇంకా మిగిలే ఉంది. రోజు ప్యాక్ అయిపోయాక ఏమవుతుంది? నెట్ పూర్తిగా పోదు, చాలా ప్యాకుల్లో 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. మన అట్టడుగు మెట్టు ఆడియోతో కలిపి 204. అంటే ఆడదు. 64లో వీడియో అంటూ ఏదీ ఆడదు. కానీ గొంతు ఆడుతుంది! మోనోలో 32 కేబీపీఎస్‌తో ఆడియో ఒక్కటే ఇంకో కాపీ తీశాను. గంట పాఠం 14.4 ఎంబీ. నలభై పాఠాలూ కలిపి 576 ఎంబీ. దీన్ని నిచ్చెనలో కలపకుండా పేజీలో "పాఠం వినండి" అని విడిగా బటన్ పెట్టాం. ఉన్నట్టుండి బొమ్మ మాయమైతే ఫోన్ పాడైందనుకుంటారు, బటన్ అయితే తెలిసే నొక్కుతారు. పాఠం నోట్సు పీడీఎఫ్ పక్కనే ఉంటుంది కాబట్టి సర్క్యూట్ బొమ్మ అందులో చూసుకోవచ్చు. ఆపిల్ కూడా తన యాప్‌స్టోర్ నియమాల్లో, మొబైల్ డేటా మీద పది నిమిషాలు మించిన వీడియో ఇచ్చే యాప్‌లకి 192 కేబీపీఎస్ మెట్టు ఒకటి ఉండి తీరాలని ఒకప్పుడు అనేది. ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్లకే కిందిమెట్టు గుర్తుంది, మనకి గుర్తుండకపోతే ఎలా?

ఇప్పుడు పిల్లల ఖర్చు చూడండి. 480పీలో చూస్తే ఆడియోతో కలిపి 514 కేబీపీఎస్, గంటకి 231 ఎంబీ. ఒకటిన్నర జీబీలో ఆరు పాఠాలు చూసినా ఇంకా మిగులుతుంది.

ఒక మాట మధ్యలో. 2016 డిసెంబర్ చివర్లో మన సఖినేటిపల్లి దగ్గర మోరి ఊరికి ఇంటింటికీ ఫైబర్ ఇచ్చారు, గుర్తుందా, ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు. ఫైబర్ ఉన్న ఇంట్లో ఈ గొడవేం అక్కర్లేదు. కానీ చదువుకునే పిల్లాడు ఇంట్లో ఉండడు కదా. బస్సులో ఉంటాడు, చెరువు గట్టు మీద ఉంటాడు, లంకలో ఉంటాడు. ఇంకోటి, 2022 మే 24 తర్వాత అమలాపురం చుట్టుపక్కల రోజుల తరబడి మొబైల్ నెట్ ఆగిపోయింది. అలాంటప్పుడు ఏ నిచ్చెనా పనికిరాదు. అందుకని 360పీ ఎంపీ4 ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో మాస్టారి దగ్గర పెట్టాం. ఎవరికి కావాలంటే వాళ్లు ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు.

ఫైళ్ల సంఖ్య గురించి హెచ్చరిక. గంట పాఠం, ఆరు సెకన్ల ముక్కలు, అంటే మెట్టుకి 600 ముక్కలు. నాలుగు వీడియో మెట్లు, రెండు ఆడియోలు. పాఠానికి 3600 ఫైళ్లు, నలభై పాఠాలకి 1,44,000! మన ఊరి నెట్ మీద ఇన్ని చిన్న ఫైళ్లు అప్‌లోడ్ చెయ్యడం కంటే కొబ్బరికాయలు లెక్కపెట్టడం సుఖం. పైప్‌లైన్ ఫైల్లో ముక్కకో ఫైలు అనే సెట్టింగ్ ఉంది, మామూలుగా అది ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆపెయ్యండి. అప్పుడు మెట్టుకి ఒకటే ఫైలు, ఏ ముక్క ఎన్నో బైటు నుంచి ఎన్నో బైటు దాకా ఉందో జాబితాలో ఉంటుంది. 1,44,000 కాస్తా 240 అవుతుంది. లైవ్‌కి ఇది కుదరదు, రికార్డు చేసిన పాఠాలకి చక్కగా కుదురుతుంది. మీ సర్వర్ బైటు రేంజిలు ఇస్తుందో లేదో ఒకసారి చూసుకోండి, దాదాపు అన్నీ ఇస్తాయి.

నలభై పాఠాలకీ నలభైసార్లు కమాండ్ కొట్టక్కర్లేదు. ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. ఫోల్డర్లో ఉన్న ప్రతి వీడియోకీ ఇన్‌పుట్ ఫైలు తనే రాసి, టూల్‌ని పిలుస్తుంది. పని పూర్తయ్యాక ఆ పాఠం పేరు ఒక చోట రాసుకుంటుంది. ఇది ఎందుకంటే రాత్రి వేసి పడుకుంటాం, కరెంటు పోతుంది, ల్యాప్‌టాప్ ఆగుతుంది. మళ్లీ మొదలుపెడితే అయిపోయినవి వదిలేసి ఆగినచోటి నుంచి పోతుంది. మొత్తం అయ్యాక ఒరిజినల్ 306 జీబీ ఉన్నది, అన్ని మెట్లూ కలిపి 33 జీబీ.

ఇంక ప్లేయర్. నేను హెచ్ఎల్ఎస్ డాట్ జేఎస్ వాడాను. అది మొదట్లో, ఏ ముక్కా రాకముందు, నెట్ 500 కేబీపీఎస్ ఉందని ఒక అంచనాతో బయల్దేరుతుంది. చెరువు దగ్గర అంత ఉండదు. ఆ అంచనాని 200కి తగ్గించాను. దాంతో పాఠం మొదట కాస్త మసగ్గా, కానీ వెంటనే మొదలవుతుంది, నెట్ ఉంటే కొన్ని సెకన్లలో పైమెట్టు ఎక్కుతుంది.

పరీక్ష ఇంట్లో కూర్చుని బ్రౌజర్‌లో నెట్ తగ్గించి చెయ్యచ్చు. అదీ చేశాను. తర్వాత సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాకా ఫోన్‌లో పాఠం పెట్టుకుని వెళ్లాను. ఒడ్డున 720, వశిష్ఠ మధ్యలోకి వెళ్లేసరికి 360, ఒకసారి 240. ఒక్కసారీ ఆగలేదు. నా పక్కన సైకిల్ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన తొంగి చూసి, "ఓమ్స్ లాా అండీ?" అన్నారు. ఆయ్, ఓమ్స్ లానేనండి అన్నాను. రిటైరైన లైన్‌మ్యానట. 240లో బోర్డు మీద సూత్రం కనపడలేదు కానీ మాస్టారు చదువుతుంటే విని పట్టేశారు.

ఇన్‌పుట్, పైప్‌లైన్, బిట్‌రేట్ ఫైళ్లు మూడూ, ఆ స్క్రిప్టూ వీడియో కింద పెట్టాను. అంకెలు మాత్రం నావి వాడెయ్యకండి, మీ వీడియోలో ఐదు నిమిషాలు కోసి 23తో కొలుచుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇవే పాఠాలకి తెలుగు సబ్‌టైటిల్స్ కలుపుదాం. ఉంటానండి.